ఎండకు చావనిది

దూది పాడైపోదు, నిద్రపోతుంది అనేవాడు చాచా. పరుపు మూల కుట్టు నాలుగు పోగులు విప్పి, రెండు వేళ్లతో కాస్త దూది బయటికి లాగి, చెవి దగ్గర పెట్టుకుని నలిపేవాడు. ముక్కు దగ్గర కాదు, చెవి దగ్గర. ఏం వినిపించేదో నాకు ఇప్పటికీ తెలియదు. "మస్తు నిద్రల ఉన్నది సారు. లేపుతా," అని చొక్కా విప్పి గేటుకు తగిలించేవాడు. ఇక పని మొదలైనట్టే.

ఈ ఎండాకాలం కురవి జాతర అయిపోయి నెల దాటినా ఆయన రాలేదు. మా ఆవిడ పరుపులు మేడ మీదికి ఎక్కించి, "చాచాకు జర ఫోన్ చెయ్యుండ్రి" అని నాలుగు రోజులు పోరింది. నేను కాలేజీ పని అన్నాను, పేపర్లు దిద్దాలన్నాను, నంబరు దొరకడం లేదని అబద్ధం కూడా ఆడాను. నంబరు ఎక్కడికీ పోలేదు. 'దూది చాచా' అని నా ఫోన్‌లో భద్రంగా ఉంది. ఐదో రోజు చేస్తే ఆయన కూతురు ఎత్తింది.

"అబ్బ లేడు సారు. పోయిన నెల పోయిండు. దమ్ము ఆడలే," అంది. మళ్లీ తనే, "మీ నంబరు గిండ్ల 'సారు' అని ఉన్నది. ఏ సారో తెల్వక మీకు చెప్పలే," అంది.

పన్నెండేళ్ల పరిచయం. ఆయన పేరు నాకు తెలియదు, నా పేరు ఆయనకు తెలియదు. ఎప్పుడూ అవసరం పడలేదు. ఫోన్ జేబులో పెట్టుకుని మేడ మెట్ల మీద కూర్చున్నాను. ఏడుపు రావాల్సిన చోట సిగ్గు వచ్చింది. ఆ సిగ్గు గురించే ఇదంతా రాస్తున్నాను.

నేను మానుకోటలో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెబుతాను. రికార్డుల్లో మహబూబాబాద్ అని ఉన్నా మా నోళ్లకు మానుకోటే. జనగామ నుంచి బదిలీ మీద వచ్చినప్పుడు సామాన్లలో రెండు పెద్ద పరుపులు వచ్చాయి. టేకుమట్ల దగ్గర మా మామగారి చేలో పండిన పత్తితో కుట్టించిన పెళ్లినాటి పరుపులవి. మొదటి వేసవిలోనే వీధిలో కేక వినిపించింది. "దూది ఏకుతా... పరుపులు, మెత్తలూ..." మెత్తలంటే మా దగ్గర తలగడలు. పాత టీవీఎస్ బండి మీద ఒక సన్నటి మనిషి, బండికి అడ్డంగా కట్టిన నిలువెత్తు విల్లు. దాన్ని ఆయన కమాన్ అనేవాడు. ఎడమ చేత్తో దాన్ని దూదికుప్ప మీదికి వంచి, కుడి చేతిలోని చెక్క గూటంతో నారిని కొడుతుంటే వీధి చివరి దాకా మోగేది. గడ్డకట్టిన దూది పాయలు పాయలుగా విడిపోయి పైకి లేచేది.

అప్పటికే ఆటోలో మిషన్లు పెట్టుకుని తిరిగేవాళ్లు వచ్చేశారు. "నువ్వూ ఒక మిషన్ కొనుక్కోరాదా చాచా?" అంటే తల అడ్డంగా ఊపేవాడు.

"మిషన్ దూదిని లేపది సారు. బెదరగొడ్తది."

పని అయ్యేదాకా చాయ్ ముట్టేవాడు కాదు. నోట్లో దూది ఉండగా చాయ్ తాగితే రెండూ కరాబవుతాయట. అయ్యాక మాత్రం రెండు గ్లాసులు. తాను ఏకి కుట్టిన పరుపు మీద ఎంత బతిమాలినా కూర్చునేవాడు కాదు, పక్కన బండ మీద కూర్చునేవాడు. "అది మీ ఒళ్లు మోసేది, నాది కాదు," అనేవాడు. ఆయన ఇంట్లో పరుపే లేదని తర్వాత తెలిసింది. చాప మీద పడుకునే మనిషి.

ఇంకొకటి ఉంది, అసలు విషయం అదే. కమాన్ ఎత్తే ముందు మా నల్లా కింద ఎర్ర గీతల తువ్వాలు ఒకటి తడిపి, పిండి, ముక్కూ నోరూ కప్పేలా చుట్టి మెడ వెనక ముడి వేసేవాడు. ఆ తువ్వాలంటే ఆయనకు పరమ కోపం. పది నిమిషాలకోసారి కిందికి లాగి, నోరు తెరిచి గాలి తాగి, "ఇది నా గొంతు పిసుకుతున్నది సారు," అని దాన్నే తిట్టేవాడు. మళ్లీ కట్టుకునేవాడు. ఎందుకంటే, "మా అబ్బ కట్టుకొమ్మన్నడు. ఆయనకు ఆయన అబ్బ చెప్పిండట," అనేవాడు. అంతకు మించి కారణం ఆయనకు తెలియదు. అంత కట్టుకున్నా ఎప్పుడూ కొద్దిగా దగ్గు ఉండేది. ఏళ్లుగా అందరి ఇళ్ల దుమ్మూ మింగిన మనిషి మరి.

జువాలజీ చెప్పేవాళ్లకు ఒక రోగం ఉంటుంది. ఎక్కడ పురుగు కనిపించినా అక్కడ పాఠం మొదలుపెడతాం. మూడేళ్ల కింద మా అమ్మాయికి తెల్లారగానే తుమ్ములు పట్టుకుంటే పరీక్ష చేయించాం. ఇంటి దుమ్ములో బతికే నల్లి జాతి పురుగు వల్ల వచ్చే అలర్జీ అని తేలింది. మంచాల్లో కుట్టే నల్లి కాదు, కంటికి కనిపించనంత చిన్నది. ఆ కాగితం చూశాక నాకు కొత్త ఉత్సాహం వచ్చింది. ఆ ఎండాకాలం చాచా రాగానే పట్టుకున్నాను. "నీ దగ్గు ఎందుకో నాకు తెలుసు చాచా. రేపు కాలేజీకి రా, చూపిస్తా," అన్నాను.

వచ్చాడు. ఉతికిన తెల్ల లాల్చీ వేసుకుని వచ్చాడు. మా పరుపు దులిపిన దుమ్ము స్లైడ్ మీద పెట్టి మైక్రోస్కోప్ సరిచేసి ఇచ్చాను. ఒక కన్ను చేత్తో మూసుకుని చాలాసేపు వంగి చూశాడు.

"కదులుతున్నది," అన్నాడు మెల్లగా. "కాళ్లు ఎనిమిది ఉన్నయి. కండ్లేవి సారు?"

"దానికి కళ్లుండవు."

"పాపం. మరి తొవ్వ ఎట్ల దొరుకుతది?"

"వాసనతో."

"ఏం తింటది?"

"మన ఒంటి నుంచి రాలే పొట్టు."

తల పైకెత్తి తన ముంజేయి వైపు చూసుకున్నాడు. దాన్ని ఒకసారి గోకి, వేళ్లు చూసుకున్నాడు. "అంటె మనం పండుకుంటె దానికి బువ్వ దొరుకుతది అన్నట్టు. మనమే సాదుతున్నం దీన్ని," అన్నాడు. నాకు నవ్వొచ్చింది. క్లాసులో ఏ పిల్లవాడూ అంత శ్రద్ధగా వినలేదని ముచ్చట కూడా వేసింది. ఆ ముచ్చటే కొంప ముంచింది.

"ఇది ఎట్ల సస్తది సారు?" అని అడిగాడు.

"ఎండకు. మన మే నెల ఎండ మూడు రోజులు గట్టిగా తగిలిందా, ఒక్కటి మిగలదు."

"పక్కానా?"

"పక్కా."

"అయితె నోటికి గుడ్డ అక్కర లేదా మరి?"

ఆ ప్రశ్న ఆయన ఆశగా అడిగాడు. ముప్పై నలభై ఏళ్లుగా గొంతు పిసుకుతున్న తువ్వాలు అది. నాకు తెలియదని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. "చచ్చినవి ఏం చేస్తాయి చాచా?" అని నవ్వాను.

మరుసటి ఏడు చాచా రావడానికి మూడు రోజుల ముందే ఫోన్ చేయించాడు. పరుపులు ఎండలో వేయాలి, దినానికి రెండుసార్లు తిప్పాలి. మాకే కాదు, తాను పోయే ప్రతి ఇంటికీ అదే హుకుం. "మానుకోటల కాలేజీ సారు పెద్ద మిషన్ల చూపెట్టి చెప్పిండు," అని ఊరూరా చెప్పాడట. పక్క వీధిలో ఎవరో ఆ మాట నాకే చెబితే ఛాతీ ఉబ్బింది. వచ్చినప్పుడు చూస్తే తువ్వాలు మెడ చుట్టూ ఊరికే వేలాడుతోంది. చాచా మొహంలో పండగ కళ. ఇంత బతుకులో మొదటిసారి పని చేస్తూ పాడుకుంటున్నానని చెప్పాడు.

ఆయన పాడేటప్పుడు ప్రతి చరణం చివరా ఒక సన్నటి ఈల వినిపించేది. పాటలో భాగమే అనుకున్నాను. ఎంత తెలివి తక్కువ వాణ్నో చూడండి. అది ఊపిరితిత్తుల్లోంచి వచ్చే ఈల.

ఆ పైయేడు ఆయన్ని చూసి మా ఆవిడ గేటు దగ్గరే ఆగిపోయింది. మనిషి సగమయ్యాడు. కమాన్ నారి నాలుగు దెబ్బలు కొట్టి, గోడకు చేయి ఆనించి, "జర ఆగుండ్రి. దమ్ము దొరకవట్టాలె," అన్నాడు. మళ్లీ నాలుగు దెబ్బలు. మళ్లీ గోడ.

"చాచా, గుడ్డ ఏదీ?" అని అడిగాను.

"మీరే గద సారు చెప్పిండ్రు. మూడు దినాలు ఎండవెట్టిండ్రు గద?"

ఎండబెట్టాం. బాగానే ఎండబెట్టాం. మరి ఈ ఈల ఎందుకు? నాకు అర్థం కాలేదు. పని ఆపించి, ఆటో ఎక్కించి దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరమ్మ చిన్నపిల్ల, మా విద్యార్థుల కంటే నాలుగైదేళ్లు పెద్దదేమో. ఊదించి చూసింది, ఏం పని చేస్తాడో అడిగింది. నేను మా ఎండ సిద్ధాంతం చెప్పాను.

"ఎండకు పురుగు చస్తుంది సార్," అందా అమ్మాయి చాలా మామూలుగా. "కానీ రోగం పురుగుతో రాదు. దాని పెంటలో ఒక ప్రొటీన్ ఉంటుంది, దానితో వస్తుంది. పురుగు చచ్చినా అది చావదు, ఎండినా పోదు. ఏకుతుంటే అదంతా పొడై గాల్లోకి లేస్తుంది. దూది దుమ్ము వేరే ఉంది. నోటికి గుడ్డ లేకుండా ఈ పని ఎట్ల చేశాడు ఇన్ని రోజులు?"

ఇన్ని రోజులు కాదు, రెండు ఎండాకాలాలే అని చెప్పాలి నేను. ఆమె రాస్తున్న చీటీ వైపు చూశాను. చాచా నా వైపు చూస్తాడనుకున్నాను. చూడలేదు. డాక్టరమ్మ వైపే ముందుకు వంగాడు.

"బిడ్డా, ఒక్క మాట. ఆ పురుగు గదాన్ని ఎందుకు చేసుకుంటది? మనకు దమ్ము పెట్టనీకా?"

ఆ అమ్మాయి చీటీ రాయడం ఆపింది. "అది నాకు తెల్వదు తాతా. మేం రోగం వరకే చదువుకున్నం. సారును అడుగు, సారుకు తెలుస్తది."

ఇద్దరూ నన్ను చూశారు. ఇన్నేళ్లు పాఠాలు చెప్పాను. ఆ ప్రొటీన్ మనల్ని ఏం చేస్తుందో ఆ రోజే విన్నాను. పురుగుకు అది దేనికన్న ప్రశ్న నా బుర్రలోకే రాలేదు. "చదివి చెప్తా చాచా," అన్నాను.

చదివాను. ఆ మాట మాత్రం నిలబెట్టుకున్నాను. తర్వాత ఆదివారం చాచా ఊరు కురవి పోయాను. ఇంటి ముందు రేకుల కింద మంచం మీద కూర్చుని ఉన్నాడు. కమాన్ నారి విప్పేసి గోడకు ఆనించి ఉంది. మందు పీల్చే డబ్బీని చేతిరుమాలులో చుట్టి జేబులో పెట్టుకున్నాడు, అత్తరు సీసాలాగా. నేను స్టూలు లాక్కుని కూర్చోగానే, "దొరికిందా సారు?" అన్నాడు.

"దొరికింది. అది దాని కడుపులో రసం చాచా. మనం తిన్న అన్నం అరగడానికి మన కడుపులో రసం ఊరుతుంది కదా, అట్లాంటిదే. మన ఒంటి పొట్టు గట్టిది. ఆ రసం దాన్ని ముక్కలు ముక్కలుగా కోస్తుంది, అప్పుడే ఆ పురుగుకు ఒంట పడుతుంది. అరగగా మిగిలిన రసం పెంటతో పాటు బయటికి వస్తుంది. బయట పడ్డాక కూడా కోయడం మానదు. తిండి దొరకనప్పుడు ఆ పురుగు మళ్లీ ఆ ఉండల్నే తింటుందట."

"మాపటికి గంజి దాపెట్టుకున్నట్టు."

"అంతే. అది మన ముక్కులో నుంచి లోపలికి పోతే, దానికి ఇది పొట్టు, ఇది మనిషి అని తేడా తెలియదు. మన గొంతులో, ఊపిరితిత్తుల్లో లోపలి పొర ఉంటుంది. అది చిన్న చిన్న ముక్కలు పక్కపక్కన పెట్టి కుట్టినట్టు ఉంటుంది. ఆ కుట్లు కోస్తుంది. సందు పడగానే మన ఒళ్లు బెదిరిపోయి లోపల వాచిపోతుంది. అదే దమ్ము."

చాచా చూపుడువేలూ బొటనవేలూ కలిపి గాల్లో చిన్నగా లాగాడు. పరుపు మూల కుట్టు విప్పేటప్పుడు ఆయన చేసే పని అది. వేళ్లకు అలవాటై తెలియకుండానే చేశాడు.

"నేను గూడ గదే పని గద సారు," అన్నాడు. "ముందుగాల కుట్లు విప్పుడు. నాదీ బువ్వ కోసమే, దానిదీ బువ్వ కోసమే. మన మీద దానికి పగ ఏం లేదన్నట్టు."

"లేదు చాచా. మనం ఉన్నామని కూడా దానికి తెలియదు."

"గంతేనా," అన్నాడు. ఎందుకో ఆయనకు అది ఊరటగా ఉంది. నాకు కాదు. పగ ఉన్నవాడితో పోట్లాడవచ్చు, బతిమాలవచ్చు, కాళ్లు పట్టుకోవచ్చు. ఏమీ తెలియనిదాన్ని ఏం చేస్తాం?

అక్కడే చెప్పాలనుకున్నది చెప్పేశాను. "తప్పు నాది చాచా. తెలియకుండా చెప్పాను. మీ అబ్బ చెప్పిందే నిజం. నన్ను తిట్టు."

నవ్వాడు. నవ్వు దగ్గయింది, దగ్గు ఈలయింది, చేతిరుమాలు విప్పి డబ్బీ నోట్లో పెట్టుకున్నాడు. తేరుకోవడానికి చాలాసేపు పట్టింది. "తిట్టనీకి గాలి ఉండాలె గద సారు," అన్నాడు. ఆ తర్వాత, "మీకు మాత్రం నా మీద పగ ఉన్నదా ఏంది? మంచికే చెప్పిండ్రు," అన్నాడు.

ఆ మాట నన్ను తిట్టినదానికన్నా ఎక్కువ కోసింది. ఇప్పటికీ కోస్తూనే ఉంది.

లేచి వస్తుంటే నా చేయి పట్టుకున్నాడు. "ఒక్క పని చెయ్యాలె సారు. నేను అందరికి చెప్పిన. ఎండల ఏస్తె చాలు, గుడ్డ అక్కర లేదని. మావోళ్లు ఊర్లల్ల ఉన్నరు, గిదే పని చేసేటోళ్లు. సారు చెప్పిండంటె ఇన్నరు. నేనిప్పుడు కాదంటె, నీకు ముసలితనం వచ్చింది అని నవ్వుతున్నరు. మీరు చెప్పుండ్రి. మీ మాటైతె ఇంటరు."

నలుగురి నంబర్లు ఇచ్చాడు. పరీక్షల డ్యూటీ కాగితం వెనక రాసుకున్నాను. మరునాడు ఇద్దరికి చేశాను. ఒకాయన నేను సగం చెప్పకముందే "సరే సార్, సరే సార్" అని పెట్టేశాడు. రెండో నంబరు మోగలేదు. మిగిలిన ఇద్దరికీ తీరిగ్గా చేద్దామనుకున్నాను. ప్రాక్టికల్స్ వచ్చాయి, వాల్యుయేషన్ వచ్చింది, ఆ కాగితం ఏ కట్టలో కలిసిందో. ఎండాకాలం రాగానే చాచా అడుగుతాడు, "చెప్పిండ్రా సారు?" అని. ఫోన్ చేయకుండా నాలుగు రోజులు తప్పించుకున్నది ఆ ప్రశ్నకు భయపడే.

అడగడానికి ఆయన లేడు. బతికిపోయాననుకున్నానా? ఒక్క క్షణం అనుకున్నాను. దాచడం దేనికి?

పోయిన వారం మా ఆవిడ వీధిలో పోయే మిషన్ ఆటోను ఆపింది. నలభై ఏళ్ల లోపు మనిషి, పెద్దవంగర అతను. గట్టి ఒళ్లు, నవ్వు మొహం. పరుపు కుట్లు చకచకా విప్పి దూది మిషన్ ముందు కుప్ప పోశాడు. మూతికి గుడ్డ లేదు.

"నోటికి ఏదైనా కట్టుకో తమ్మీ," అన్నాను.

"ఎందుకు సారు? అమ్మ మూడు దినాలు ఎండవెట్టిన అన్నది గద. పురుగు ఎప్పుడో సచ్చి ఉంటది. గుడ్డ అక్కర లేదు."

"ఎవరు చెప్పారు నీకు?"

"గీ మానుకోటలనే కాలేజీ సారు ఒకాయన ఉన్నడట. పెద్ద మిషన్ల చూపెట్టి మరీ చెప్పిండట. కురవి చాచా చెప్పిండు మాకు."

"ఆ చాచా పోయాడు. దమ్ముతోనే పోయాడు. తెలుసా?"

"తెలుసు సారు. మిట్టికి పోయిన గద, మన్ను గూడ ఏసిన. పెద్ద మనిషి, వయసైపోయింది."

"ఆ సారు నేనే," అన్నాను. "నేను తప్పు చెప్పిన. పురుగు సస్తది, దాని పెంట పని చేస్తనే ఉంటది. చాచా నోటికి గుడ్డ లేకుంట చేసినందుకే గట్లయింది. ఇను తమ్మీ."

అతను నన్ను కింది నుంచి పై దాకా చూశాడు. బనీను, లుంగీ, మూడు రోజుల గడ్డం. మొహమాటంగా నవ్వాడు. "పెద్ద సారు గట్ల తప్పెట్ల చెప్తడు సారు," అన్నాడు.

లోపలికి పోయి దండెం మీది తువ్వాలు లాగి, నల్లా కింద తడిపి, పిండి తెచ్చి అతని ముందు నిలబడ్డాను. "నా కోసం కట్టుకో," అన్నాను.

అతను రెండు చేతులతో మర్యాదగా తీసుకున్నాడు. దానితో మొహం తుడుచుకున్నాడు, మెడ తుడుచుకున్నాడు. "సల్లగున్నది సారు," అని భుజం మీద వేసుకుని, మిషన్ స్విచ్ నొక్కాడు.